పొగకు లెక్క కట్టిన ప్రొఫెసర్

గ్రూప్స్, సివిల్స్‌ కోసం ఎకానమీ పుస్తకం తిరగేసేవాళ్లకి ‘పిగూవియన్ ట్యాక్స్’ అనే మాట ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. నిర్వచనం బట్టీ పట్టేసి పేజీ తిప్పేస్తాం. ఇంతకీ ఎవరీ పిగూ?

ఆర్థర్ సెసిల్ పిగూ 1877లో ఇంగ్లండ్‌లోని వైట్ దీవిలో పుట్టారు. కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీలో ముందు చేరింది చరిత్ర చదవడానికి. ఆల్‌ఫ్రెడ్ మార్షల్ ప్రభావంతో అర్థశాస్త్రం వైపు మళ్లారు. 1908లో మార్షల్ రిటైరయ్యాక ఆ ప్రొఫెసర్ పదవి దక్కేనాటికి పిగూ వయసు 30 ఏళ్లే!

ఆయన్ని ఆలోచింపజేసిన వాటిలో ఫ్యాక్టరీ పొగ ఒకటి. యజమాని బొగ్గుకి డబ్బు కడతాడు, కూలీలకు జీతాలిస్తాడు. మరి ఆ పొగ వల్ల చుట్టుపక్కల ఇళ్లు, బట్టలు మసిబారితే ఆ ఖర్చు ఎవరిది? అది ఏ బిల్లులోనూ ఉండదు. అందుకే సరుకు చవగ్గా కనిపిస్తుంది, పొగ పెరుగుతూనే ఉంటుంది. ఇదే మార్కెట్ వైఫల్యం. ఆ నష్టానికి సరిపడా పన్ను వేస్తే యజమాని లెక్క మారుతుందన్నది పిగూ వాదన. 1920లో వచ్చిన ‘ది ఎకనామిక్స్ ఆఫ్ వెల్ఫేర్’కి ఇలాంటి ఆలోచనలే పునాది.

అందులోనే రెండు రోడ్ల ఉదాహరణ ఇచ్చారు. ఒకటి గతుకులదే కానీ విశాలం. రెండోది నున్నటిది, కానీ ఇరుకు. టోల్ లేకపోతే అందరూ మంచి రోడ్డుకే ఎగబడతారు. చివరికి రద్దీ పెరిగి రెండు దారుల్లోనూ ఒకే సమయం పడుతుంది. మంచి రోడ్డు ఉండీ లాభం లేదు! కాస్త టోల్ పెడితే కొందరు రెండో దారికి మళ్లుతారు. వాళ్లకి పోయేదేమీ లేదు, మిగతావాళ్లకి సమయం కలిసొస్తుంది. దీనిపై 1924లో అమెరికన్ ఆర్థికవేత్త ఫ్రాంక్ నైట్ గట్టిగా విమర్శించారు. తప్పు మార్కెట్‌ది కాదు, రోడ్డుకి యజమాని లేకపోవడమే అసలు సమస్య అన్నారు. ఆ చర్చ నేటికీ తెగలేదు.

పుస్తకాలకే పరిమితమైన మనిషి కాదాయన. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకీ పట్టలేదు. కానీ కాలేజీ సెలవుల్లో యుద్ధరంగానికి వెళ్లి అంబులెన్స్ నడిపారు. యువకుడైన కీన్స్‌కి లెక్చరర్‌గా జీతం తన జేబులోంచి ఇచ్చారు. అదే కీన్స్ 1936లో తన పుస్తకంలో పిగూ సిద్ధాంతాన్ని తూర్పారబట్టారు. పిగూ కూడా ఘాటుగానే సమీక్ష రాశారు. అయితే కీన్స్ చనిపోయిన మూడేళ్లకి, 1949లో, 70 దాటిన వయసులో కేంబ్రిడ్జి విద్యార్థుల ముందు నిలబడి, ఆ పుస్తకం విలువను అప్పట్లో తాను సరిగ్గా గుర్తించలేకపోయానని ఒప్పుకున్నారు.

1959లో పిగూ కన్నుమూశారు. 1975లో సింగపూర్, 2003లో లండన్ రద్దీ రోడ్లపై రుసుము పెట్టాయి. 1991లో స్వీడన్ కార్బన్ పన్ను వేసింది. వీటన్నిటి వెనకా ఉన్నది ఆయన ఆలోచనే.

ఈసారి మార్కెట్ వైఫల్యం మీద ప్రశ్న వస్తే నిర్వచనంతో ఆపకండి. ఆ రెండు రోడ్లూ గీయండి, నైట్ వాదనా రాయండి. ఇక ఇంటర్వ్యూలో మీ జవాబు తప్పని తేలితే కంగారుపడొద్దు. 70 దాటిన ప్రొఫెసరే పొరపాటు ఒప్పుకోగా లేనిది, మనకేం నామోషీ?