మహారాజులు తప్పుకుంటేనే దక్కిన కెప్టెన్సీ.. టీమిండియా తొలి సారథి సీకే నాయుడు మన తెలుగోడే!

వేటపాలెం, చీరాల గ్రౌండ్లలో బ్యాట్ పట్టుకుని తిరిగే కుర్రాడు రంజీ దాకా వెళ్లాలంటే ఆడాల్సింది ఆంధ్ర జట్టుకే. ఆ జట్టు 1953-54లో తొలిసారి రంజీ బరిలో దిగినప్పుడు కెప్టెన్ ఎవరో తెలుసా? కల్నల్ కొఠారి కనకయ్య నాయుడు. అదే, సీకే నాయుడు. అప్పటికి ఆయన వయసు 58. అంతకు 21 ఏళ్ల ముందు లార్డ్స్‌లో భారత్ ఆడిన మొట్టమొదటి టెస్టుకూ కెప్టెన్ ఆయనే. కాకపోతే ఆ కుర్చీ ఆయనకు ఎవరూ మనస్ఫూర్తిగా ఇచ్చింది కాదు.

నాయుడు పుట్టింది 1895 అక్టోబర్ 31న, నాగ్‌పూర్‌లో. కుటుంబ మూలాలు మాత్రం మచిలీపట్నంవి. తాత లాయర్, భూస్వామి. తండ్రి సూర్యప్రకాశరావు కేంబ్రిడ్జిలో చదువుకున్నారు. డబ్బుకు లోటు లేని ఇల్లే. కానీ రాజవంశం కాదు. ఆ రోజుల్లో ఇండియన్ క్రికెట్‌లో ఈ తేడా చాలా పెద్దది. ఖర్చులు పెట్టేది రాజులే, పెత్తనం చేసేదీ రాజులే.

1916లో బొంబాయి టోర్నీలో హిందూస్ జట్టు తరఫున తొలి మ్యాచ్. యూరోపియన్ల బౌలింగ్‌కు 79 పరుగులకే 7 వికెట్లు పోయాయి. అప్పుడొచ్చిన నాయుడు మూడు బంతులు బుద్ధిగా ఆపి, నాలుగోది సిక్స్ కొట్టారు. జీవితాంతం ఆయన ఆట అంతే.

1923లో ఇండోర్ హోల్కర్ మహారాజు పిలిపించి తన సైన్యంలో కెప్టెన్ ఉద్యోగం ఇచ్చారు. ఇప్పటిలా కాంట్రాక్టులు, ఐపీఎల్ కోట్లు ఎక్కడివి? ఆటగాడికి అన్నం పెట్టేది ఇలాంటి కొలువే. పేరు ముందు కల్నల్ వచ్చిందీ అక్కడి నుంచే.

అసలు మలుపు 1926 డిసెంబర్. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంసీసీ జట్టు మీద బొంబాయి జింఖానాలో 116 నిమిషాల్లో 153 పరుగులు బాదేశారు. అందులో 11 సిక్సర్లు! ఎంసీసీ వాళ్లే మెచ్చి వెండి బ్యాట్ బహుమతిగా ఇచ్చారు. ఇండియన్లకు టెస్టు హోదా ఇవ్వొచ్చన్న నమ్మకం పెరగడానికి ఈ ఇన్నింగ్స్ పెద్ద కారణం.

తీరా 1932లో ఇంగ్లండ్ టూర్‌కు జట్టును పంపితే కెప్టెన్‌గా పోర్‌బందర్ మహారాజును, వైస్ కెప్టెన్‌గా లింబ్డీ రాజకుమారుడిని పెట్టారు. పోర్‌బందర్ రాజావారి పరుగుల కన్నా ఆయన రోల్స్ రాయిస్ కార్లే ఎక్కువని అప్పట్లో జోక్. పాపం, ఆయన నిజాయితీపరుడు. తన ఆట సంగతి తెలిసి టెస్టు నుంచి తప్పుకున్నారు. లింబ్డీ రాజకుమారుడు కూడా గాయంతో ఆగిపోయారు. అప్పుడు గానీ నాయుడు వంతు రాలేదు.

జూన్ 25న లార్డ్స్‌లో టెస్టు మొదలైంది. 19 పరుగులకే ఇంగ్లండ్ 3 వికెట్లు కోల్పోయింది. ఫీల్డింగ్‌లో నాయుడు చేతికి దెబ్బ తగిలింది. ఆ చేత్తోనే బ్యాటింగ్‌కు దిగి 40 కొట్టారు. తొలి ఇన్నింగ్స్‌లో మన జట్టు టాప్ స్కోర్ అదే. మ్యాచ్ 158 పరుగుల తేడాతో పోయింది. ఆ టూర్‌లో మొత్తం 1,618 పరుగులు, 65 వికెట్లు. 1933లో విజ్డెన్ మేటి క్రికెటర్ల జాబితాలో చోటు దక్కింది. బర్మింగ్‌హామ్‌లో కొట్టిన ఒక సిక్స్ ఏకంగా నది దాటి పక్క కౌంటీలో పడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

1933-34లో సొంతగడ్డపై మూడు టెస్టులకూ ఆయనే కెప్టెన్. కానీ 1936 ఇంగ్లండ్ టూర్ వచ్చేసరికి కథ మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి కెప్టెన్సీ ఎగరేసుకుపోయింది ఎవరో కాదు, విజయనగరం రాజకుమారుడు విజ్జీ. ఇద్దరూ తెలుగువాళ్లే! విజ్జీ ఆ మూడు టెస్టుల్లో కలిపి చేసింది 33 పరుగులు. జట్టు రెండుగా చీలింది. లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపేశారు. నాయుడును బ్రేక్‌ఫాస్ట్ టేబుల్ దగ్గర అవమానించినందుకే ఒక ఆటగాడికి ఓవల్ టెస్టులో చోటు దక్కిందని కథలు కథలుగా చెబుతారు. అదే టెస్టులో ఒంటికి బంతి బలంగా తగిలినా నాయుడు క్రీజు వదల్లేదు. 81 పరుగులు చేశారు. ఆయనకు అదే చివరి టెస్టు, అదే అత్యధిక స్కోరు. మొత్తం ఆడింది 7 టెస్టులే.

ఆ తర్వాతే ఆయన మరీ మొండిగా ఆడారు. హోల్కర్ జట్టును రంజీలో బొంబాయికి దీటుగా నిలబెట్టారు. ఆ జట్టు 4 సార్లు ట్రోఫీ గెలిచింది. 1941లో లివర్ టానిక్ యాడ్‌లో కనిపించారు. ప్రకటనల్లోకి వచ్చిన తొలి భారత క్రికెటర్‌గా ఆయన్నే చెబుతారు. 56 ఏళ్ల వయసులో ఫడ్కర్ బంతికి రెండు పళ్లు ఊడినా బ్యాటింగ్ ఆపలేదు. ఆంధ్రకు ఆడాక 1956-57లో ఉత్తరప్రదేశ్ తరఫున చివరి రంజీ సీజన్ ఆడారు. 61 ఏళ్ల వయసులోనూ హాఫ్ సెంచరీ కొట్టారు. 1956లోనే పద్మభూషణ్ వచ్చింది.

1963లో, 68 ఏళ్ల వయసులో, ఒక ఛారిటీ మ్యాచ్‌లో ఆఖరిసారి ప్యాడ్లు కట్టారు. అదీ ఫస్ట్‌క్లాస్ మ్యాచే. 207 మ్యాచ్‌లు, 11,825 పరుగులు, 26 సెంచరీలు, 411 వికెట్లు. 1967 నవంబర్ 14న ఇండోర్‌లో కన్నుమూశారు. బీసీసీఐ జీవితకాల సాఫల్య పురస్కారం ఇచ్చేది ఆయన పేరు మీదే. అండర్-23 కుర్రాళ్లు ఆడే ట్రోఫీకీ ఆయన పేరే.