కొలత గొలుసు నుండి కాలువ గట్టు వరకు: డాక్టర్ క్లౌ దొరగారి జీవితం



షోలాపూర్‌లోని మా విడీ ఘర్కుల్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. మరాఠీలో విడీ అంటే బీడీ, ఘర్కుల్ అంటే చిన్న ఇల్లు. మగవాళ్ళు పవర్‌లూముల దగ్గర చాదర్లు, తువ్వాళ్ళు నేస్తే, ఆడవాళ్ళు గడప దగ్గర తునికాకు కత్తిరించి బీడీలు చుడతారు. పొద్దు గుంకేలోగా ఎన్ని వేలు చుట్టామో, అందులో ఎన్ని బాగోలేవని పక్కన పడేశారో, చేతికి ఎంత కూలి వచ్చిందో అనే లెక్కలతోనే మా రోజులు గడుస్తాయి. ఆ లెక్క రాసేవాడు మాత్రం ఎప్పుడూ అవతలివాడే.

అందుకే మనవాళ్ళలో ముప్పై, నలభై ఏళ్ళు వచ్చినవాళ్ళు కొందరు మళ్ళీ చదువుకోవాలని, వ్యాపార నిర్వహణ నేర్చుకోవాలని, క్రైస్తవ కళాశాలలో చేరితే ఎలా ఉంటుందని అడుగుతున్నారు. ఇంటిల్లిపాదీ పనిచేస్తేనే పొయ్యి వెలిగే ఇళ్ళలో ఇది చిన్న ప్రశ్న కాదు. ఒక రోజు కూలి పోతే ఆ వారమంతా వెలితే. పైగా విశ్వాసికి వ్యాపార చదువు ఎందుకని పెద్దలు కొందరు సందేహిస్తారు. దీనికి మేము సొంతంగా జవాబు చెప్పేకంటే, మన తాతముత్తాతలు ఎరిగిన ఒకరి జీవితాన్ని మీ ముందు ఉంచడం మేలని తలచాము.

ఆయన డాక్టర్ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు. 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించారు. తెలుగువారి మధ్య అమెరికన్ బాప్టిస్టుల పని మొదలుపెట్టిన శామ్యూల్ డే గారు మన దేశానికి వచ్చింది కూడా ఆ ఏడే. క్లౌ గారిది కలిగిన కుటుంబం కాదు. బ్రతుకుతెరువు కోసం ఇంటివారు పడమటి దిక్కుగా వలస వెళ్ళి అయోవాలో స్థిరపడ్డారు. వలస బ్రతుకు ఎలాంటిదో మనకు ఒకరు చెప్పనక్కర లేదు.

యౌవనంలోనే ఆయన మిన్నెసోటా అడవుల్లో భూమి కొలిచే ప్రభుత్వ సర్వే పనిలో చేరారు. మొదట గొలుసు లాగే పని చేసి, క్రమంగా సర్వే విద్య అంతా నేర్చుకున్నారు. మంచులో, బురదలో మనుషులను వెంటబెట్టుకొని నడవడం, వారికి తిండి, గుడారం చూడడం, సాయంత్రానికి కొలతలు పుస్తకంలో ఎక్కించడం అక్కడే అలవాటయ్యాయి. చేతిలో పని ఉంది, జీతం ఉంది. చాలామంది అక్కడితో ఆగిపోయేవారే.

ఆయన ఆగలేదు. 1857లో పని వదిలి, బర్లింగ్టన్ పట్టణంలో బాప్టిస్టులు నడిపే విద్యాలయంలో చేరారు. అప్పటికి ఇరవై ఒక్క ఏళ్ళు. లాయరు కావాలన్నది ఆయన కోరిక. మతం మీద అంతగా గురి లేనివాడు. కాని ఆ విద్యాలయంలోనే ఆయన మనసు మారింది, 1858లో బాప్తిస్మం పొందారు. తర్వాత అప్పర్ అయోవా విశ్వవిద్యాలయంలో చదివారు. కొంతకాలం బడిపంతులుగా పనిచేశారు. బాప్టిస్టు ప్రచురణ సంస్థ తరఫున ఊరూరా తిరిగి బైబిళ్ళు, పుస్తకాలు అమ్మారు. 1861లో హారియట్ సండర్లాండ్ గారిని వివాహం చేసుకున్నారు.

ఆ రోజుల్లో మన తెలుగు మిషను మూతబడే స్థితిలో ఉండేది. ఏళ్ళ తరబడి పనిచేసినా విశ్వాసులు కొద్దిమందే ఉన్నందున దాన్ని ఎత్తివేయాలని అమెరికాలో ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. లైమన్ జ్యూయెట్ గారు ఒప్పుకోలేదు. ఆయనతో కలిసి 1864 నవంబరు 30న క్లౌ దంపతులు ఓడ ఎక్కారు. 1866లో ఒంగోలుకు చేరి, 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో అక్కడ సంఘం స్థాపించారు.

ఒంగోలులో ఆయనకు దొరికిన మొదటి పెద్ద తోడు యర్రగుంట్ల పేరయ్యగారు, తోళ్ళ వ్యాపారం చేసుకొనే మనిషి. ఊళ్ళు తిరిగి బేరం చేసినవాడు గనుక మనుషులను ఎరిగినవాడు. ఆ నోటి మాటతోనే చుట్టుపక్కల మాదిగ వాడలలో సువార్త పాకింది. 1872లో రామపట్నంలో బోధకుల పాఠశాల వెలిసింది. భార్యాబిడ్డలు ఉన్న పెద్దవాళ్ళు అక్కడికి వచ్చి అక్షరాలు దిద్దుకొని చదువుకున్నారు. పెద్ద వయసు చదువు మన సంఘాలకు కొత్త కాదు, దాని మీదనే మన సంఘాలు నిలిచాయి.

1876లో వానలు పడలేదు. రెండేళ్ళపాటు దక్షిణ దేశమంతా కరువు, దాని వెంట కలరా. ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ప్రభుత్వం కరువు పనిగా సముద్రతీరం వెంట బకింగ్‌హామ్ కాలువ తవ్వించింది. కాని పేదలు, అందులోనూ అంటరానివారని ఈసడింపబడినవారు, కరువు పనుల్లో పలుచోట్ల పైవాళ్ళ తిట్లకు, కోతలకు బలైపోయేవారు. క్లౌ గారు ఇది చూసి, మూడు మైళ్ళకు పైగా కాలువ తవ్వే కాంట్రాక్టు తానే తీసుకున్నారు.

సర్వే గొలుసు పట్టిన అనుభవం ఇక్కడ అక్కరకు వచ్చింది. నక్షా చదవగలరు, మట్టి కొలవగలరు, కొలతకు తగిన కూలి ఎంతో కట్టగలరు. తన బోధకులనే మేస్త్రీలుగా నియమించారు. తాటాకు గుడిసెలు వేయించారు, త్రాగునీటికి ఏర్పాటు చేశారు. తవ్వినవాడికి తవ్వినంత డబ్బు చేతిలో పడేది. పని ముగిసిన తర్వాత బోధకులు గట్టున కూర్చుని జనంతో మాట్లాడేవారు. కష్టకాలంలో తిట్టకుండా, దోచకుండా పని చేయించినవారి మాట జనం చెవిన పెట్టారు.

ఇక మేము ముఖ్యంగా చెప్పదలచిన సంగతి ఇది. ఆ కరువు రోజుల్లో వేలమంది బాప్తిస్మం కోరారు. క్లౌ గారు ఇవ్వలేదు. సుమారు పదిహేను నెలలు ఆపివేశారు. కూలి కోసం, తిండి కోసం వచ్చారన్న మాట వారికి రాకూడదు, వారికే ఆ సందేహం మిగలకూడదు అని ఆయన ఉద్దేశం. కూలి లెక్క ఒకటి, విశ్వాసం లెక్క మరొకటి, రెండింటినీ కలపలేదు. 1878లో కరువు సాయం ఇక లేదని స్పష్టంగా తెలియజేసిన తర్వాత కూడా జనం తరలివచ్చారు. అప్పుడు ఒక్కొక్కరినీ విచారించి పేర్లు రాసుకున్నారు. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తం మూడు రోజుల్లో 3,536 మంది బాప్తిస్మం పొందారు. జూలై 3న నీళ్ళలో నిలిచి బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ. క్లౌ గారు పక్కన నిలబడి ఏర్పాట్లు చూశారు. తాను చేయగల పనిని ఇతరులకు అప్పగించి వెనుక నిలబడడం నిర్వహణలో అన్నిటికంటే కష్టమైన పాఠం.

తర్వాత ఆయన పాఠశాలల కోసం, పరిచర్య కోసం అమెరికాలో నిధులు సమకూర్చారు. 1893లో హారియట్ గారు చనిపోయారు. 1910 నవంబరు 24న అమెరికాలోని రోచెస్టర్‌లో క్లౌ గారు కన్నుమూశారు. ఆయన చెప్పగా రెండవ భార్య ఎమ్మా గారు వ్రాసిన జీవితకథ 1914లో అచ్చయింది. ఒంగోలులోని క్లౌ ఆసుపత్రి పేరులో ఆయన జ్ఞాపకం నిలిచింది.

సహోదరులారా, ఆయన దొర, మనం కూలివాళ్ళం, పోలిక ఎక్కడ అని మీరు అడగవచ్చు. నిజమే, ఆయనకు వెనుక ఒక మిషను ఉంది. మన వెనుక వారం వారం లెక్క చూసుకొనే కిరాణా పద్దు ఉంది. కాబట్టి ఇంట్లో చర్చించకుండా, రెండు మూడు నెలల ఖర్చుకు దారి చూసుకోకుండా ఎవరూ మగ్గం వదలవద్దని మేము కూడా చెబుతాము. పని మానకుండా చదివే దారులు నేడు ఉన్నాయి. హైదరాబాదులో 1982లో, నాసిక్‌లో 1989లో సార్వత్రిక విశ్వవిద్యాలయాలు వెలిశాయి. క్రైస్తవ కళాశాల దూరమైతే ఇవి ఉన్నాయి.

కాని ఆలస్యమైపోయిందని మాత్రం అనుకోవద్దు. క్లౌ గారికి అడవిలో గొలుసు లాగిన రోజులు వృథా కాలేదు, ఆలస్యంగా బల్ల మీద కూర్చున్న రోజులూ వృథా కాలేదు. రెండూ కాలువ గట్టున కలిశాయి. మగ్గం దగ్గర, బీడీల గంప దగ్గర మీరు నేర్చినది కూడా చదువే. దానికి లెక్క రాసే విద్య తోడైతే, రేపు మన ఆడవాళ్ళ బీడీల లెక్క మనలోనే ఒకరు, ఒక్క బీడీ తగ్గకుండా, న్యాయంగా రాస్తారు. వ్యాపార చదువు విశ్వాసికి ఎందుకంటే, ఇందుకే.

ఈ చదువు తలపెట్టిన మన సహోదరీ సహోదరుల కోసం మీ కుటుంబ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోవలసిందిగా కోరుతున్నాము. ప్రభువు మిమ్మును దీవించును గాక.