నీటికి వయస్సు కట్టిన లిబ్బీ

కొండపాదమున నూరు బుగ్గలో దోసిలి పట్టినవానికి, తన చేతిలోని నీరు నిరుటి వానయో, తాతలనాటి మంచో తెలియదు. నీటికి తల నెరయదు. మేను ముడుతలు పడదు. అట్టి నీటికి వయస్సు నిర్ణయించు మార్గమును చూపిన రసాయన శాస్త్రజ్ఞుడు విల్లర్డ్ ఫ్రాంక్ లిబ్బీ.

అమెరికాలోని కొలరాడో కొండసీమలో, గ్రాండ్ వ్యాలీ అను చిన్న ఊర, 1908 డిసెంబరు 17వ తేదీన రైతు కుటుంబమున నాతడు జన్మించెను. 1933లో బర్క్లీయందు డాక్టరు పట్టము నొందెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అణ్వస్త్ర నిర్మాణమునకై యురేనియమును శుద్ధిచేయు కార్యమున పాల్గొనెను. యుద్ధానంతరము చికాగో చేరి, కర్బనము-14 మూలమున ప్రాచీన వస్తువుల కాలమును గణించు పద్ధతిని నెలకొల్పెను. 1960లో నోబెల్ బహుమానము లభించినది అందులకే.

నీటి విషయమున నాతడు ట్రిటియము నాశ్రయించెను. ఇది ఉదజనిలో బరువైన యొక రూపము. విశ్వకిరణముల తాకిడిచే నాకాశమున పుట్టి, వానతోను మంచుతోను నేలకు దిగును. నీరు భూగర్భము చేరిన పిమ్మట క్రొత్త ట్రిటియము కలియదు, ఉన్నది 12.3 సంవత్సరముల కొకమారు సగమగుచుండును. మిగిలినదానిని బట్టి నీరు భూమిలో గడపిన కాలము తెలియును. ఏ యేటివో తెలిసిన ద్రాక్షాసవములపై ఈ లెక్కను సరిచూచి, షెల్డన్ కాఫ్మన్‌తో కూడి 1954లో ఫలితములను ప్రకటించెను.

ఆ యేటనే లిబ్బీ అమెరికా అణుశక్తి సంఘమున సభ్యుడయ్యెను. 1959 వరకు ఆ పదవియందుండి అణ్వస్త్ర పరీక్షలను సమర్థించెను. ఆ పరీక్షలే ఆతని గడియారమును తారుమారు చేసినవి. ఉదజని బాంబుల వలన 1963 నాటికి ఉత్తరార్ధగోళపు వానలలో ట్రిటియము సహజ పరిమాణమునకు వందలరెట్లు పెరిగెను. అయినను ఆ కళంకమే జలశాస్త్రజ్ఞులకు ఆనవాలయ్యెను. కొండబుగ్గలో ట్రిటియము లేకున్న నది 1950కి పూర్వపు నీరు. ఉన్నచో తరువాతి వాన అందు కలిసియున్నది. క్షయించిన ట్రిటియము హీలియము-3గా మారును గనుక, నేడు తల్లిని బిడ్డను గూడ కొలిచి వయస్సు కట్టుచున్నారు. వేలయేండ్ల నీటికి కర్బనము-14 ఉండనే యున్నది.

ఇది వట్టి వేడుక గాదు. ఏటేట మంచు కరిగి నింపు నీటిని వాడుకొనుట రాబడిని తినుట. శతాబ్దములనాటి నీటిని తోడివేయుట మూలధనమును తినుట. వయస్సు తెలియనిదే ఈ భేదము తెలియదు.

లిబ్బీ 1980 సెప్టెంబరు 8వ తేదీన దివంగతుడయ్యెను. కాలమును చదువు విద్యను లోకమున కొసగినవాడే, ఆకాశమును మలినపరచిన పరీక్షల పక్షమున నిలిచెను. మానవుడు మింట చిమ్మినది కొండకడుపున చేరి సాక్ష్యము పలుకును. ఈ సత్యమును మనకు నేర్పినదియు ఆతని శాస్త్రమే.