జి.డి. నాయుడు

గోపాలస్వామి దొరస్వామి నాయుడు (1893 మార్చి 23 - 1974 జనవరి 4) కోయంబత్తూరుకు చెందిన తెలుగు పారిశ్రామికవేత్త, యంత్ర నిర్మాత. జి.డి. నాయుడు అన్న పొట్టి పేరుతోనే సుప్రసిద్ధుడు. పాఠశాల చదువు పూర్తి చేయకపోయినా బస్సు రవాణా, విద్యుత్ మోటార్లు, క్షౌర యంత్రాలు, రేడియోలు, చిన్న కారు, మేలైన పంటల పెంపకం మొదలైన అనేక రంగాలలో కృషి చేశాడు. ఈయనను భారతదేశపు ఎడిసన్ అని వ్యవహరిస్తారు. దక్షిణ భారతదేశంలో తయారైన తొలి విద్యుత్ మోటార్ల చరిత్రలో ఈయన పేరు తప్పనిసరిగా వస్తుంది. తాడేపల్లి మొదలు పల్నాడు వరకు బావి మీద మోటారు బిగించుకొన్న రైతులకు కోయంబత్తూరు మోటారు సుపరిచితమైన వస్తువే గాని, ఆ పట్టణానికి ఆ పేరు రావడంలో ఒక తెలుగువాని పాత్ర ఉన్నదన్న సంగతి మన ప్రాంతంలో అంతగా ప్రచారంలో లేదు.

బాల్యము

నాయుడు కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో తెలుగు మాతృభాషగా గల వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. విజయనగర రాజుల కాలంలోను, ఆ తరువాత నాయక రాజుల కాలంలోను తెలుగు దేశం నుండి తరలివెళ్ళిన కుటుంబాలు కొంగునాట పెక్కు గ్రామాలలో స్థిరపడ్డాయి. నల్లరేగడి నేలలు, పత్తి సాగు తెలిసిన ఈ రైతులకు కోయంబత్తూరు పరిసరాలు అనుకూలించాయి.

నాయుడు పుట్టిన కొద్దికాలానికే తల్లి మరణించింది. బడి అంటే ఇతనికి గిట్టేది కాదు. ఉపాధ్యాయుల మీద ఇసుక చల్లి పారిపోయేవాడనీ, అందుకు తరచు దండన పొందేవాడనీ ఈయన జీవితకథలన్నీ చెబుతాయి. ప్రాథమిక స్థాయిలోనే చదువు ఆగిపోయింది. తరువాతి జీవితంలో ఇంజనీరింగు కళాశాలకు నాయకత్వం వహించిన వ్యక్తి బాల్యం ఇది. బడిలో కుదురుగా కూర్చోలేని పిల్లవానిని మందమతిగా లెక్కగట్టే అలవాటు ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న మాకు కూడ తక్కువేమీ కాదు.

మోటారు సైకిలు

యౌవనారంభంలో నాయుడు ఒక ఆంగ్లేయ రెవెన్యూ అధికారి నడుపుకొంటూ వచ్చిన రడ్జ్ కంపెనీ మోటారు సైకిలును చూశాడు. ఎద్దులుగాని గుర్రంగాని లేకుండా కదిలే ఆ వాహనం అతని మనసును పూర్తిగా ఆకర్షించింది. దానిని సొంతం చేసుకోవాలన్న పట్టుదలతో పల్లె విడిచి కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటలులో సర్వరుగా చేరాడు. కూడబెట్టిన డబ్బుతో చివరికి ఆ వాహనాన్ని కొన్నాడు. కొన్నది నడపడానికి మాత్రమే కాదు. దానిని పూర్తిగా విడదీసి, ప్రతి భాగం ఏ పని చేస్తుందో గ్రహించి, తిరిగి బిగించాడు. నాయుడు చదివిన ఇంజనీరింగు పాఠాలలో మొదటిది ఇదే. విప్పి చూసి నేర్చుకోవడమన్న ఈ పద్ధతిని ఆయన జీవితాంతం విడువలేదు, తరువాత తన విద్యార్థులకు కూడ అదే విధించాడు.

పత్తి వ్యాపారము

కొంతకాలం మెకానిక్కుగా పనిచేసిన పిమ్మట నాయుడు తిరుప్పూరులో జిన్నింగు మిల్లు పెట్టాడు. గింజ నుండి దూదిని వేరుచేసి బేళ్ళు కట్టి పంపే ఈ వ్యాపారం గుంటూరు జిల్లా పాఠకులకు కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం వలన పత్తి ధరలు పెరిగి మిల్లు బాగా లాభించింది. ఆ లాభంతో బొంబాయి వెళ్ళి అక్కడి పెద్ద వర్తకులతో పత్తి బేరాలకు దిగాడు. చేతిలో ఉన్నదంతా పోయింది. ధర ఎక్కుతుందని నమ్మి ఉన్నదంతా ఒడ్డి నష్టపోవడం పత్తి నాట తరతరాలుగా జరుగుతున్నదే. నాయుడు మాత్రం తిరిగి ఆ జూదం జోలికి పోలేదు.

బస్సు రవాణా

కోయంబత్తూరు తిరిగివచ్చిన నాయుడుకు అక్కడి ఆంగ్లేయ పారిశ్రామికవేత్త సర్ రాబర్ట్ స్టేన్స్ అండగా నిలిచాడు. ఆయన సహాయంతో ఒక బస్సు సమకూర్చుకొని 1920లో పొల్లాచి, పళని పట్టణాల మధ్య నడపసాగాడు. మొదట్లో తానే స్వయంగా బస్సు నడిపేవాడు. పళని సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రం కావడంతో ఆ దారిలో యాత్రికులకు కొదువ లేదు. ఒక్క బస్సుతో మొదలైన యూనివర్సల్ మోటార్ సర్వీసుకు 1933 నాటికి సుమారు 280 బస్సులు ఉండేవి. అప్పటికి దేశంలోని అత్యంత క్రమబద్ధమైన ప్రైవేటు బస్సు సంస్థలలో అది ఒకటిగా పేరు పొందింది. తరువాతి ప్రయోగాలన్నిటికీ ఈ బస్సుల ఆదాయమే ఆధారం.

విద్యుత్ మోటారు

నీలగిరులలోని పైకారా జలవిద్యుత్ కేంద్రం 1932లో పనిచేయడం ప్రారంభించింది. ఆ విద్యుత్తుతో కోయంబత్తూరులో నూలు మిల్లులు ఒకదాని వెంట ఒకటి వెలిశాయి. అక్కడి బావులు లోతైనవి, మోటతో తోడడం కష్టం. కనుక మిల్లుకు, బావికి కూడ మోటార్లు కావలసివచ్చాయి. అవి ప్రధానంగా విదేశాల నుండి ఓడలలో రావలసినవే. ఆంధ్ర ప్రాంతానికి మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో గాని అందలేదన్న విషయం గుర్తుంచుకొంటే, కోయంబత్తూరు మన కంటె ఎంత ముందు నడిచిందో అర్థమవుతుంది.

నాయుడు పీలమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ అనే కర్మాగారాన్ని నెలకొల్పాడు. అక్కడ డి. బాలసుందరం నాయుడు సాంకేతిక ప్రతిభ తోడై 1937లో మోటారు తయారైంది. భారతదేశంలో దేశీయంగా రూపొందిన మొట్టమొదటి విద్యుత్ మోటారుగా దీనినే చాలామంది పేర్కొంటారు. ఈ విజయంతో ఉత్సాహం పొందిన బాలసుందరం నాయుడు తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించాడు. నాయుడు చేపట్టిన పనులలో కొనసాగి, విస్తరించి, ఇతరుల చేతులలో కూడ పెరిగినది ఇదొక్కటే అని చెప్పవచ్చు.

ఇంటి పరికరాలు

ఇళ్ళలోకి విద్యుత్తు వచ్చిన కొత్తలో దానితో చిన్న చిన్న సౌకర్యాలు కల్పించడం మీద పాశ్చాత్య దేశాలలో ఎందరో బుద్ధి పెట్టారు. పైకప్పు నుండి వ్రేలాడే దీపం ఇందుకు మంచి ఉదాహరణ. గది అంతటికీ వెలుగు కావాలంటే దీపం ఎత్తున ఉండాలి, చదువుకోవడానికో కుట్టుపనికో అయితే దిగువకు రావాలి. తీగను చిన్న కప్పీ మీదుగా పోనిచ్చి, రెండవ కొసన దీపమంత బరువు గల గుండును కట్టితే, దీపాన్ని చేతితో దించినా ఎత్తినా విడిచిన చోటనే నిలుస్తుంది. మన నూతి గిలక వంటి ఏర్పాటే ఇది. ఇంగ్లండులో మోటారు కార్ల స్ప్రింగులపై పనిచేసిన జార్జ్ కార్వర్డైన్ అనే ఇంజనీరు బరువుకు బదులు స్ప్రింగులను వాడి, ఎటు వంచినా నిలిచే బల్ల దీపాన్ని రూపొందించాడు. 1930లలో టెర్రీ అనే స్ప్రింగుల కంపెనీ దానిని తయారు చేసి అమ్మింది.

నాయుడు కూడ ఇటువంటి బుద్ధి గలవాడే. కార్వర్డైన్ వలె మోటారు వాహనాల నుండి ఇంటి పరికరాలకు వచ్చినవాడే. అయితే ఆయన చుట్టూ ఉన్న ఇళ్ళలో అధిక భాగానికి విద్యుత్తే లేదు. ఆయన పరికరాలలో కొన్నింటి రూపాన్ని ఈ లోటే నిర్ణయించిందనిపిస్తుంది. అమెరికాలో 1931 నుండి అమ్మకంలో ఉన్న షిక్ క్షౌర యంత్రానికి గోడలోని విద్యుత్తు కావాలి. నాయుడు రూపొందించిన రాసంట్ అనే క్షౌర యంత్రంలో చిన్న మోటారు పొడి బ్యాటరీలతో తిరుగుతుంది. విద్యుత్తు లేని ఊరిలో కూడ అది పనిచేస్తుంది. దానిని జర్మనీలోని హైల్‌బ్రాన్ నగరంలో తయారు చేయించాడు.

కిరసనాయిలుతో తిరిగే పంకా కూడ ఈ కోవకు చెందినదే. ఇటువంటి పంకాలలో అడుగున దీపం వెలుగుతుంది. ఆ వేడికి సిలిండరులోని గాలి వ్యాకోచించి ముషలకాన్ని నెడుతుంది, చల్లబడినప్పుడు ముషలకం వెనుకకు వస్తుంది. ఆ కదలికతో రెక్కలు తిరుగుతాయి. ఇవి గాక మిక్కిలి పలుచని క్షౌరపు బ్లేడులు, పండ్ల రసం తీసే యంత్రం, సినిమా కెమెరాకు దూరాన్ని సరిచేసే సాధనం, మోసానికి వీలులేని వోటింగు యంత్రం మొదలైనవి రూపొందించాడు. భారతదేశంలో వోటింగు యంత్రాన్ని మొదటిసారిగా వినియోగించినది 1982లో, కేరళలోని పరవూరు నియోజకవర్గంలో. అప్పటికి నాయుడు మరణించి ఎనిమిదేళ్ళు.

ఐదు వాల్వుల రేడియోను ఒక్కొక్కటి 70 రూపాయలకు ఇక్కడే తయారు చేయగలనని 1941లో ప్రకటించాడు. రేడియో అంటే జమీందారుల ఇళ్ళలోను, పెద్ద ఉద్యోగుల బంగళాలలోను మాత్రమే కనిపించే కాలమది. ఇంకొక అభిరుచి ఛాయాగ్రహణం. 1936 జనవరిలో లండనులో జరిగిన ఐదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను తన కెమెరాతో చిత్రించాడు. గాంధీ, నెహ్రూ, సుభాష్ చంద్ర బోసులను కూడ చిత్రించాడు.

లైసెన్సులు, పన్నులు

నాయుడు 1952లో పెట్రోలుతో నడిచే రెండు సీట్ల చిన్న కారును తయారు చేశాడు. ధర 2,000 రూపాయలు ఉంటుందని అంచనా. పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం 1951లో వచ్చి, మరుసటి సంవత్సరం అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ఏ వస్తువును ఎవరు ఎంత తయారు చేయాలన్నది ప్రభుత్వ అనుమతి మీద ఆధారపడుతుంది. కారు తయారీకి అనుమతి లభించలేదు, అంతటితో ఆ ప్రయత్నం ఆగిపోయింది.

అధిక పన్నులు కూడ ఆయనకు బాధ కలిగించాయి. సంపాదించిన దానిలో అధిక భాగం పన్నుగా పోతుంటే కొత్తవి కనిపెట్టడం దేనికని వాదించేవాడు. చివరకు 1950లలో తాను తయారు చేసిన రేడియోలు మున్నగు వస్తువులను జనం ఎదుట పగులగొట్టించి నిరసన తెలిపాడు. ఈ చర్యను మెచ్చుకొన్నవారు ఉన్నారు, మొండితనం అన్నవారు ఉన్నారు. రెండు మాటలలోనూ నిజం లేకపోలేదు. ఒక నమూనా కారుకు అయ్యే ఖర్చు వేరు, వేల కార్లు తయారు చేసి ఊరూరా అమ్మి, మరమ్మతులు చూసే ఖర్చు వేరు. అనుమతి లభించినంత మాత్రాన 2,000 రూపాయల కారు మన వీధులలో తిరిగేదని చెప్పలేము. కాని ఆ పరీక్షకు నిలిచే అవకాశమే ఆయనకు దక్కలేదు.

ఎడిసనుతో పోలిక కూడ ఇక్కడనే కుంటుపడుతుంది. ఎడిసన్ దీపం వెనుక న్యూయార్కు ధనవంతుల పెట్టుబడి, కొనగలిగిన ప్రజలు, పేటెంటులను కాపాడే న్యాయస్థానాలు ఉన్నాయి. నాయుడుకు పెట్టుబడి తన బస్సులే.

సాంకేతిక విద్య

1944లో నాయుడు మోటారు వ్యాపారం నుండి చాలవరకు తప్పుకొని పరిశోధక విద్యార్థి వేతనాలకు, కార్మిక సంక్షేమానికి విరాళాలు ప్రకటించాడు. 1945లో ఆయన విరాళంతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఆర్థర్ హోప్ ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. అప్పటి మద్రాసు గవర్నరు పేరే వాటికి పెట్టారు. ఆ కళాశాలే తరువాత కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా రూపొందింది.

నాయుడు ఈ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నాడు. ప్రాథమిక విద్యతో ఆగిన వ్యక్తి ఆ పదవిలో ఉండడం ఊహించడానికే విచిత్రంగా ఉంటుంది. ఇంజనీరింగు చదువుకు నాలుగు సంవత్సరాలు వృథా అనీ, యంత్రాల మధ్య శిక్షణ ఇస్తే రెండు సంవత్సరాలు చాలుననీ ఆయన అభిప్రాయం. ప్రభుత్వం అంగీకరించలేదు. నాయుడు పదవికి రాజీనామా చేశాడు. గణితం, భౌతిక శాస్త్రం పునాదిగా లేనిదే ఇంజనీరింగు నిలువదన్న ప్రభుత్వ పక్షం వాదనలో బలం ఉంది. అయితే లేతు యంత్రాన్ని ముట్టుకోకుండానే పట్టా పుచ్చుకొనే విద్యార్థులను చూసినవారెవరూ నాయుడు వాదనను తేలికగా తోసివేయలేరు.

వ్యవసాయ ప్రయోగాలు

రైతు కుటుంబంలో పుట్టిన నాయుడు తన తోటలో పత్తి, మొక్కజొన్న, చిరుధాన్యాలు, బొప్పాయి మొదలైన పంటలపై ప్రయోగాలు చేశాడు. పది అడుగుల ఎత్తు పెరిగిన పత్తి మొక్క ఆనాడు విశేషంగా చెప్పుకొన్నారు. సర్ సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఈ తోటను సందర్శించారు. రామన్‌కు నాయుడు పట్ల ప్రత్యేక గౌరవం ఉండేది.

చివరి దశ, స్మృతి

1967లో కోయంబత్తూరులో జి.డి. నాయుడు పారిశ్రామిక ప్రదర్శనశాల ఏర్పడింది. 1974 జనవరి 4న నాయుడు మరణించాడు. మరణానంతరం ఆయన పేరిట నడుస్తున్న ధర్మసంస్థ సాంకేతిక శిక్షణను, ప్రదర్శనశాలను కొనసాగించింది. అవినాశి రోడ్డులో జీడీ కార్ల ప్రదర్శనశాల కూడ వెలిసింది.

ఆయన జీవితంపై నిర్మించిన డాక్యుమెంటరీ చిత్రానికి 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో విజ్ఞాన శాస్త్ర, సాంకేతిక విభాగంలో ఉత్తమ చిత్రం బహుమతి లభించింది. 2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డుపై ప్రారంభమైన సుమారు 10 కిలోమీటర్ల వంతెన రహదారికి తమిళనాడు ప్రభుత్వం జి.డి. నాయుడు పేరు పెట్టింది. 1937లో ఆయన మోటారు తయారైన పీలమేడు కూడ ఆ అవినాశి రోడ్డు మీదనే ఉంది.