ఫ్రెంచి కప్పుకు ప్రాణం పోసిన హెన్రీ డెలోనే

క్రీడాచరిత్రలో కప్పును గెలిచినవారి పేర్లు నిలుస్తాయి. ఆ కప్పును తలపెట్టి, ఏళ్ల తరబడి దానికోసం తిరిగినవారి పేర్లు మాత్రం చాలావరకు కాగితాలలోనే ఉండిపోతాయి. ఈ రెండవ కోవకు చెందినవాడైనా, తన పేరును ఒక మహా బహుమతిపై శాశ్వతంగా మిగుల్చుకున్న అరుదైన వ్యక్తి హెన్రీ డెలోనే. ఐరోపా దేశాల ఫుట్‌బాల్ పోటీలలో విజేతకు ఇచ్చే వెండి కప్పు ఆయన పేరిటే ఉన్నది. ఫ్రాన్సులో పల్లెటూరి జట్టు మొదలు పారిస్ మహానగరపు జట్టు వరకు అందరినీ ఒకే బరిలోకి దింపే ఫ్రెంచి కప్పు వెనుక ఉన్నదీ ఆయన సంకల్పమే.

బాల్యం, తొలి ఆటలు

హెన్రీ డెలోనే 1883 జూన్ 15న పారిస్ నగరంలో జన్మించారు. ఇంగ్లండు నుంచి సముద్రం దాటి వచ్చిన ఫుట్‌బాల్ ఫ్రాన్సులో అప్పుడప్పుడే వేళ్లూనుకుంటున్న కాలమది. యువకుడైన డెలోనే పారిస్‌లోని ఎత్వాల్ దే దూ లాక్ అనే క్లబ్బులో చేరి ఆడారు. ఆ పేరుకు రెండు సరస్సుల తార అని అర్థం. చర్చిల ఆధ్వర్యంలో యువకుల కోసం నడిచే సంఘాలలో అది ఒకటి. అక్కడే ఆయనకు షార్ల్ సిమోన్ అనే మిత్రుడు దొరికాడు. దాదాపు ఒకే ఈడువారైన వీరిద్దరి స్నేహం ఫ్రెంచి ఫుట్‌బాల్ గతినే మార్చివేసింది.

ఆట మానిన తరువాత డెలోనే కొంతకాలం రిఫరీగా పనిచేశారు. ఆ ఉద్యోగం ముగిసిన తీరు నేటికీ క్రీడాభిమానులు చెప్పుకునే ముచ్చట. ఒక పోటీలో వేగంగా వచ్చిన బంతి ఆయన ముఖానికి బలంగా తగిలింది. నోట ఉన్న ఈల గొంతులోకి జారిపోయింది, రెండు పళ్లు విరిగాయి. ఆ దెబ్బతో రిఫరీగా మైదానంలోకి దిగడం మానుకున్నారు. అయితే ఆటను మాత్రం వదలలేదు. మైదానం వెలుపల ఆయన చేసిన సేవ అప్పటినుంచే ఊపందుకున్నది.

కళ్లు తెరిపించిన ప్రయాణం

1902 ఏప్రిల్‌లో, ఇంకా పందొమ్మిదేళ్లు నిండని డెలోనే ఇంగ్లండుకు వెళ్లి లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ మైదానంలో ఇంగ్లండు కప్పు ఫైనల్ చూశారు. షెఫీల్డ్ యునైటెడ్, సౌతాంప్టన్ జట్ల మధ్య జరిగిన ఆ ఆటకు 76 వేలకు పైగా జనం వచ్చారు. ఆట 1-1తో సమమైంది. వారం తరువాత మళ్లీ ఆడినప్పుడు షెఫీల్డ్ 2-1తో గెలిచింది. ఫలితం కంటే ఆ పోటీ పద్ధతే యువకుడైన డెలోనేను ఆకట్టుకున్నది. అందులో చిన్న క్లబ్బు, పెద్ద క్లబ్బు అనే తేడా లేదు. పేర్లు చీటీలుగా తీస్తారు. ఎవరికి ఎవరు తగిలితే వారితో ఆడాలి. ఓడినవాడు ఇంటికి, గెలిచినవాడు ముందుకు. ఇటువంటి కప్పు తన దేశంలోనూ ఉండాలని ఆయన సంకల్పించారు. ఆ సంకల్పం కార్యరూపం దాల్చడానికి పదిహేనేళ్లు పట్టింది.

ఒక దేశం, అనేక సమాఖ్యలు

ఆలస్యానికి కారణం డబ్బు కాదు, ఐకమత్యం లేకపోవడం. ఆనాడు ఫ్రాన్సులో ఫుట్‌బాల్‌కు ఒక్క సమాఖ్య లేదు. చర్చి అనుబంధ సంఘాలకు ఒక సమాఖ్య, అన్ని క్రీడలను తన కిందే ఉంచుకోవాలనుకునే పెద్ద సమాఖ్య మరొకటి, ఇంకా చిన్నచిన్నవి కొన్ని ఉండేవి. ప్రతి సమాఖ్యకూ దాని విజేత ఉండేది. ప్రతి విజేతా తానే ఫ్రాన్సు విజేతనని చాటుకునేది. ఒక సమాఖ్యలోని జట్టు మరొక సమాఖ్యలోని జట్టుతో ఆడడం తప్పుగా భావించిన సందర్భాలూ ఉన్నాయి. ఒకే ఊరిలోని రెండు జట్లు ఏనాడూ తలపడకుండానే ఏళ్లు గడచిపోయేవి.

ఈ గోడలను కూల్చడానికి పూనుకున్నవాడు షార్ల్ సిమోన్. 1907లో ఆయన వివిధ సమాఖ్యలను ఒకచోటికి చేర్చే ఫ్రెంచి అంతర్ సమాఖ్య సంఘాన్ని స్థాపించారు. మరుసటి సంవత్సరం పెద్ద సమాఖ్య అంతర్జాతీయ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నుంచి వైదొలగగా, ఆ స్థానం సిమోన్ స్థాపించిన సంఘానికి లభించింది. డెలోనే ఆ సంఘంలో కార్యదర్శి బాధ్యతలను చేపట్టారు. 1910లో జూల్ రిమే నాయకత్వంలోని లీగు వారితో కలిసింది. 1913 నాటికి, తొలుత విడిపోయిన పెద్ద సమాఖ్య కూడా తిరిగి వచ్చి ఇదే సంఘంలో చేరక తప్పలేదు. ఇక దేశమంతటికీ ఒకే కప్పు అన్న కోరిక నెరవేరబోతున్నదని అనిపించిన సమయంలో 1914 వచ్చింది, యుద్ధం వచ్చింది.

మిత్రుని పేరిట కప్పు

మొదటి ప్రపంచయుద్ధం ఫ్రాన్సులో ఒక తరాన్నే మింగివేసింది. మైదానాలలో ఆడవలసిన యువకులు కందకాలలో పడిపోయారు. షార్ల్ సిమోన్ కూడా సైన్యంలో చేరి, 1915 జూన్‌లో ఉత్తర ఫ్రాన్సులోని ఆరాస్ పట్టణానికి సమీపాన జరిగిన పోరాటంలో ప్రాణాలు అర్పించారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పైల ఆరంభంలోనే ఉన్నది. కలిసి పెరిగిన మిత్రుడు, కలిసి శ్రమించిన సహచరుడు ఒక్క రోజులో లేకుండా పోవడం డెలోనేకు తీరని లోటు.

ఆ దుఃఖంలో ఆయన ఎన్నుకున్న మార్గం విశిష్టమైనది. యుద్ధం ఇంకా ముగియకముందే, 1917లో, అన్ని సమాఖ్యల క్లబ్బులకూ ప్రవేశం ఉండే కప్పు పోటీని ప్రారంభించాలని సంఘం నిర్ణయించింది. దానికి షార్ల్ సిమోన్ కప్పు అని పేరు పెట్టారు. ఏ గోడలను కూల్చాలని సిమోన్ తపించాడో, ఆ గోడలు లేని పోటీయే ఆయనకు స్మారకమైంది.

మొదటి సంవత్సరం 48 క్లబ్బులు పాల్గొన్నాయి. శత్రువు చేతిలో ఉన్న ఉత్తర జిల్లాల నుంచి జట్లు రాలేని పరిస్థితి. ఆటగాళ్లలో పలువురు సైన్యంలో ఉన్నవారే. 1918 వసంతంలో జర్మన్ల దూరశ్రేణి ఫిరంగులు పారిస్ నగరంపై గుండ్లు కురిపిస్తున్నాయి. అటువంటి రోజులలోనే మే 5వ తేదీన పారిస్‌లోని ఒలివియే ద సెర్ వీధిలో ఉన్న మైదానంలో తొలి ఫైనల్ జరిగింది. ఒలింపిక్ ద పాంతాన్ జట్టు లియాన్ నగరపు జట్టును 3-0తో ఓడించి తొలి విజేతగా నిలిచింది. లండన్‌లో తాను చూసిన జనసముద్రంతో పోలిస్తే చూడవచ్చినవారు బహు కొద్దిమంది. అయినా పదిహేనేళ్ల కల ఆనాడు నిజమైంది.

పారిస్ నుంచి పల్లెలకు

1919 ఏప్రిల్‌లో అంతర్ సమాఖ్య సంఘమే ఫ్రెంచి ఫుట్‌బాల్ సమాఖ్యగా రూపుదిద్దుకున్నది. జూల్ రిమే అధ్యక్షుడు, హెన్రీ డెలోనే ప్రధాన కార్యదర్శి. ఎన్నో సమాఖ్యలు సాధించలేని ఐక్యతకు కప్పు పోటీయే మార్గం చూపిందని చెప్పడం అతిశయోక్తి కాదు. కలిసి ఆడడం మొదలుపెట్టినవారు కలిసి కూర్చోవడానికి వెనుకాడలేదు.

తొలి ఏళ్లలో కప్పు పారిస్ దాటి వెళ్లలేదు. రిమే 1897లో స్థాపించిన రెడ్ స్టార్ క్లబ్బు 1921, 1922, 1923 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు గెలిచింది. 1924లో దక్షిణాదిన సముద్రతీరంలో ఉన్న మార్సెయ్ జట్టు సెత్ జట్టుపై 3-2తో గెలిచి, కప్పును తొలిసారిగా రాజధాని వెలుపలికి తీసుకుపోయింది. అప్పటినుంచి ఈ పోటీ యావత్తు దేశానిదైంది. 1927 ఫైనల్‌కు దేశాధ్యక్షుడు గాస్తోన్ దూమెర్గ్ స్వయంగా హాజరయ్యారు. దేశాధ్యక్షుడు ఫైనల్‌కు రావడం ఆ తరువాత సంప్రదాయంగా మారింది.

ఈ కప్పు నిర్వహణలోని విశేషం దాని విశాలత్వమే. అట్టడుగు స్థాయి జిల్లా లీగులలో ఆడే ఊరి జట్లు సంవత్సరారంభపు రౌండ్లలో తలపడతాయి. గెలుస్తూ వచ్చినవి ముందుకు సాగుతాయి. 64 జట్లు మిగిలే దశకు వచ్చేసరికి దేశంలోని అగ్రశ్రేణి జట్లు బరిలోకి దిగుతాయి. చీటీలలో తమకంటే రెండు తరగతులు కింద ఉన్న జట్టు తగిలితే పెద్ద జట్టే ఆ చిన్న ఊరికి వెళ్లి ఆడాలి. ఆనాడు ఊరంతా మైదానం చుట్టూ చేరుతుంది. ఇప్పుడు ఏటా ఏడు వేలకు పైగా క్లబ్బులు ఇందులో పాల్గొంటున్నాయి. సముద్రాల అవతల ఉన్న ఫ్రెంచి భూభాగాల నుంచి కూడా జట్లు వస్తాయి.

హద్దులు దాటిన ఆలోచన

డెలోనే దృష్టి ఫ్రాన్సుకే పరిమితం కాలేదు. ఒలింపిక్ క్రీడల పరిధిలో ఫుట్‌బాల్ ఇమడలేదని, వృత్తి ఆటగాళ్లకు కూడా అవకాశం ఉండే ప్రపంచ పోటీ అవసరమని 1926 నుంచే ఆయన ఫిఫా సభలలో వాదించారు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ సభ ఆ పోటీకి ఆమోదం తెలిపింది. 1930లో ఉరుగ్వేలో తొలి ప్రపంచకప్పు జరిగింది. దాని ఖ్యాతి అధికంగా రిమేకు దక్కినా, కార్యభారం వహించినవారిలో డెలోనే ముఖ్యుడు.

ఆయన మనసులో మరొక కోరిక కూడా ఉండేది. 1927లోనే ఆయన, ఆస్ట్రియాకు చెందిన హ్యూగో మైస్ల్‌తో కలిసి, ఐరోపా దేశాలన్నింటికీ ఒక కప్పు ఉండాలని ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన ముందుకు సాగలేదు. 1937లో మైస్ల్ కన్నుమూశారు. తరువాత రెండవ ప్రపంచయుద్ధం వచ్చి ఐరోపాను చీల్చివేసింది. ఒకరినొకరు చంపుకున్న దేశాలు ఒకే మైదానంలో ఆడతాయా అన్న సందేహం ఎందరికో కలిగింది. మొదటి యుద్ధం నడుమనే కప్పు నడిపిన డెలోనే మాత్రం ఆశ వదలలేదు.

1954 జూన్ 15న స్విట్జర్లాండులోని బాజెల్ నగరంలో ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య యుయెఫా ఆవిర్భవించింది. తెలుగువారి యానాంలో జూన్ 13న ఫ్రెంచి పాలనకు తెరపడిన రెండు రోజులకే ఇది జరిగింది. పాత సామ్రాజ్యాల హద్దులు చెరిగి, కొత్త బంధాలు రూపుదిద్దుకుంటున్న రోజులవి. బాజెల్ సభ జరిగిన రోజునే డెలోనేకు డెబ్బై ఒకటవ ఏడు నిండింది. కొత్త సమాఖ్యకు ఆయనే తొలి ప్రధాన కార్యదర్శి అయ్యారు.

అయితే తాను కోరిన ఐరోపా కప్పును చూసే భాగ్యం ఆయనకు లేకపోయింది. 1955 నవంబరు 9న, డెబ్బై రెండవ ఏట, హెన్రీ డెలోనే కన్నుమూశారు. ఆయన కుమారుడు పియేర్ డెలోనే యుయెఫాలో ఆ బాధ్యతలను స్వీకరించి, తండ్రి ఆశయాన్ని కొనసాగించారు. 1960 జూలై 10న పారిస్‌లో జరిగిన తొలి ఐరోపా ఫైనల్‌లో సోవియట్ యూనియన్ 2-1తో యుగోస్లావియాను ఓడించింది. విజేతలు అందుకున్న వెండి కప్పుకు హెన్రీ డెలోనే పేరు పెట్టారు. 2008లో దానిని మరికొంత పెద్దదిగా తిరిగి తయారు చేయించినా పేరు మార్చలేదు. మిత్రుని పేరిట కప్పు నెలకొల్పినవానికి చివరకు తన పేరిటా ఒక కప్పు దక్కింది.

కలే ఊరి కథ

డెలోనే ఆశయం ఎంత బలమైనదో 2000వ సంవత్సరంలో లోకానికి తెలిసింది. ఇంగ్లండుకు ఎదురుగా, సముద్రపు అంచున ఉన్న సరిహద్దు పట్టణం కలే. అక్కడి జట్టు నాలుగవ తరగతికి చెందినది. పగలు ఉద్యోగాలు, సాయంత్రం సాధన చేసే సామాన్యులు అందులోని ఆటగాళ్లు. ఆ జట్టు ఆ ఏడు లీల్, స్ట్రాస్‌బూర్, బోర్దో వంటి పేరుమోసిన జట్లను ఒకదాని తరువాత ఒకటిగా ఓడించి ఫైనల్ చేరింది. మే 7న ఫ్రాన్సు జాతీయ మైదానంలో నాంత్ జట్టుపై తొలి గోలు కూడా కలేదే. చివరి నిమిషంలో లభించిన పెనాల్టీతో నాంత్ 2-1తో గట్టెక్కింది. గెలిచిన జట్టు నాయకుడు మికాయెల్ లాంద్రో, ఓడిన కలే నాయకుణ్ణి పిలిచి, ఇద్దరూ కలిసి కప్పును పైకెత్తారు.

ఆ కలే క్లబ్బు ఆర్థిక ఇబ్బందులతో 2017లో మూతపడింది. పారిస్ సెయింట్ జెర్మెయిన్ వంటి సంపన్న క్లబ్బు 2025 నాటికి 16 సార్లు కప్పు గెలిచి అందరికంటే ముందున్నది. ధనబలం ముందు చిన్న జట్టు నిలవడం ఏటికేడు కష్టమవుతున్న మాట వాస్తవం. అయినా ఫ్రాన్సులోని ఏ మారుమూల జట్టుకైనా ఆ వేల చీటీలలో తన చీటీ ఉన్నదన్న ధీమా నేటికీ ఉన్నది.

హద్దులు గీసినవారి పేర్లు చరిత్రలో చాలా ఉన్నాయి. ఆ హద్దులకు ఇటూ అటూ ఉన్నవారిని ఒకే మైదానంలో నిలిపినవారు బహు తక్కువ. ఆ తక్కువమందిలో హెన్రీ డెలోనే ఒకరు. సమాఖ్యల నడుమ గోడలు కూల్చి ఒక దేశాన్ని, యుద్ధాల నడుమ గోడలు కూల్చి ఒక ఖండాన్ని ఆటతో కలిపిన ఆయన కృషి చిరస్మరణీయం.