మొదటి సాలారుజంగు

మర్కూకు గ్రామము నేడు సిద్దిపేట జిల్లాలోనిది. పూర్వము మెదకు జిల్లాలో చేరియుండెను. ఆ ప్రాంతపు వృద్ధుల నోట హాలీ సిక్కా యను మాట యిప్పటికిని అప్పుడప్పుడు వినబడును. హాలీ యనగా చెలామణిలో నున్నది. సిక్కా యనగా నాణెము. నిజాము రాజ్యపు రూపాయి కది పేరు. ఆ రూపాయికి నిలుకడ గల్పించిన మంత్రి మీర్ తురాబ్ అలీ ఖాన్. సాలారుజంగు అనునది ఆయన బిరుదము. హైదరాబాదులోని ప్రదర్శనశాలలో నున్న వింత వస్తువులను సేకరించినవాడు ఈయన మనుమడు. విద్యార్థులు తరచుగా ఈ యిరువురిని ఒక్కరినిగా భ్రమింతురు.

ఆయన 1829 లో జన్మించెను. యౌవనారంభముననే ఖమ్మము ప్రాంతమునకు తాలూకాదారుగా నుండి, రైతుల స్థితిగతులను కన్నులార చూచెను. 1853 లో, తండ్రి సోదరుడును దివానును అయిన సిరాజుల్ ముల్కు మరణింపగా, 24 ఏండ్ల ప్రాయమున ఆ పదవి ఈయనకు లభించెను. పదవి గొప్పదే గాని బొక్కసము శూన్యము. ఆ యేడే సేనావ్యయముల బాకీకై బేరారు ఆంగ్లేయుల వశమయ్యెను. సిపాయిలకు జీతములు లేవు. అనేక తాలూకాలు అప్పులిచ్చిన అరబ్బుల చేతులలోను, గుత్తేదారుల చేతులలోను చిక్కియుండెను.

నాణెముల సంగతి మరింత చిత్రము. గద్వాల, నారాయణపేట మున్నగు చోట్ల వేర్వేరు టంకశాలలు ఉండెడివి. ఒక్కొక్క రూపాయి తూకము ఒక్కొక్క తీరు. కలిపిన రాగియు ఒక్కొక్క పాలు. ఒక ఊరి రూపాయి మరియొక ఊరిలో చెల్లవలెనన్న షరాబు దానిని మ్రోగించి, గీటురాతిపై గీచి, కొంత బట్టా తగ్గించుకొని మార్చి యిచ్చును. ధాన్యమమ్మి ఒక రకపు రూపాయలు తెచ్చుకొన్న రైతు, శిస్తుకు వేరొక రకము కట్టవలసి వచ్చినపుడు, పంట బాగుగా పండిన యేడు కూడ నష్టపడుచుండెను. దివాను గుత్తా పద్ధతిని తొలగించెను. జీతగాండ్రైన ఉద్యోగులను నియమించెను. జిల్లాల టంకశాలలను మూయించి, రాజధానిలో ప్రభుత్వపు అజమాయిషీ క్రింద ఒకే తూకము, ఒకే మేలిమి గల హాలీ సిక్కాను ముద్రింపించెను. బట్టాపై బ్రతికినవారికి ఇది రుచింపకపోవుట సహజమే.

ఆంగ్లేయుల రూపాయికి కల్దారు అని పేరు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారులకు సుమారుగా సమానము. కారణము లెక్కలోనే యున్నది. హాలీ రూపాయిలో శుద్ధమైన వెండి సుమారు 9.15 గ్రాములు, కల్దారులో 10.69 గ్రాములు. ఏడింటిని, ఆరింటిని వేరువేరుగా హెచ్చవేసి చూడుడు: రెండును 64 గ్రాముల చేరువకే వచ్చును. అయినను వెండి యొక్కటియే విలువను నిర్ణయింపదు. ప్రత్తి, నూనెగింజలు బయటికి పోవు కాలమున వర్తకులు ఇచ్చట సరకు కొనుటకు హాలీని వెదకుదురు. దాని ధర పెరుగును. బయటి వస్త్రములకు సొమ్ము చెల్లింపవలసినపుడు కల్దారుకు గిరాకి హెచ్చును. రాజ్యమునకు అప్పు పుట్టని దినములలో దాని నాణెమును కూడ జనులు శంకింతురు.

1857 లో తిరుగుబాటు చెలరేగినపుడు సాలారుజంగు ఆంగ్లేయుల పక్షము వహించెను. ఇందులకు ఆయనను నిందించువారు నేటికిని గలరు. ఆ నింద నిష్కారణమైనది కాదు. 1860 లో రాయచూరు, ధారాశివము తిరిగి వచ్చెను. బేరారు మాత్రము రాలేదు. అంతవరకు నాణెములపై నుండిన మొగలు చక్రవర్తి పేరు తొలగి, అసఫ్ జా పేరు వెలసెను. 1874 లో వాడి నుండి సికింద్రాబాదునకు రైలు వచ్చెను. 1876 లో ఆయన ఇంగ్లండు వెళ్లెను. బేరారును తిరిగి రాబట్టుటకు ఏండ్ల తరబడి చేసిన ప్రయత్నము విఫలమయ్యెను. 1883 ఫిబ్రవరి 8 న కలరా సోకి ఆయన మరణించెను.

తరువాత లోకమున వెండి ధర పడిపోయెను. 1893 లో ఆంగ్లేయులు తమ టంకశాలలలో ప్రజల వెండిని ముద్రించుట మానుకొనిరి. కల్దారు ధర వెండి ధరను మించి నిలిచెను. హాలీ కొంతకాలము ఊగిసలాడి, చార్మినారు ముద్ర గల నాణెములు వచ్చిన పిమ్మట మరల కుదుటపడెను. అది 1959 వరకు జీవించెను. పల్లెలలోని పాత పద్దు పుస్తకములలో ప్రతి మొత్తము ప్రక్కను హాలీ యనియో, కల్దారనియో వ్రాసియుండుట నేటికిని చూడవచ్చును.