జాక్ ఈవ్ కూస్తో

జాక్ ఈవ్ కూస్తో (జూన్ 11, 1910 - జూన్ 25, 1997) ఫ్రాన్సు దేశానికి చెందిన నౌకాదళ అధికారి, సముద్ర అన్వేషకుడు, చలనచిత్ర దర్శకుడు మరియు రచయిత. ఎమీల్ గాన్యాన్ అనే ఇంజనీరుతో కలసి 1943లో ఆక్వాలంగ్ అనే శ్వాస పరికరాన్ని రూపొందించాడు. నేడు ప్రపంచమంతటా ప్రాచుర్యంలో ఉన్న స్కూబా డైవింగ్‌కు ఈ పరికరమే మూలం. కాలిప్సో అనే నౌకలో నాలుగు దశాబ్దాలకు పైగా సముద్రాలలో సంచరించి, పగడపు దిబ్బలను, మునిగిన నౌకలను, వాటిని ఆశ్రయించి బ్రతికే జీవజాలాన్ని చలనచిత్రాల ద్వారా సామాన్య ప్రజలకు చూపించాడు. తొలి రోజులలో సముద్రప్రాణులకు హాని కలిగించే పద్ధతులను అనుసరించిన ఈయనే తరువాతి కాలంలో వాటి రక్షణ కొరకు అందరికంటే గట్టిగా వాదించినవారిలో ఒకడయ్యాడు. ఈ పరిణామం ఆయన జీవితంలో ముఖ్యమైన అంశం.

బాల్యం, విద్యాభ్యాసం

కూస్తో ఫ్రాన్సులోని బోర్డో నగరానికి సమీపాన ఉన్న సెంత్ ఆంద్రే ద క్యూబ్జాక్ అనే పట్టణంలో జన్మించాడు. తండ్రి పేరు దానియేల్, తల్లి పేరు ఎలిజబెత్. పియెర్ ఆంత్వాన్ ఈయన అన్న. బాల్యంలో కూస్తో తరచు అనారోగ్యానికి గురయ్యేవాడు. అయినప్పటికీ చిన్ననాటనే ఈత నేర్చుకున్నాడు. తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబం కొంతకాలం అమెరికాలో నివసించింది. అక్కడ వెర్మాంట్ రాష్ట్రంలో ఒక వేసవి శిబిరంలో ఉన్నప్పుడు, సరస్సు అడుగున ఉన్న చెత్తను తొలగించే పనిలో నీటిలో మునగడం అభ్యసించాడు. యంత్రాలన్నా, సినిమా కెమెరా అన్నా ఆయనకు బాల్యం నుండి ఆసక్తి ఎక్కువ.

1930లో బ్రెస్ట్‌లోని ఫ్రెంచి నౌకాదళ విద్యాలయంలో చేరాడు. విమాన చోదకుడు కావాలన్నది ఆయన కోరిక. కాని 1936లో జరిగిన కారు ప్రమాదంలో చేతులు తీవ్రంగా గాయపడడంతో ఆ కోరిక నెరవేరలేదు. చేతులకు బలం చేకూరడానికి ఆయన సముద్రంలో ఈదడం ప్రారంభించాడు.

సముద్రంతో పరిచయం

ప్రమాదం తరువాత కూస్తో మధ్యధరా సముద్ర తీరంలోని తూలోన్ నౌకాస్థావరంలో పనిచేశాడు. సహోద్యోగి అయిన ఫిలిప్ తాయే 1936లో ఆయనకు నీటిలో చూడడానికి వీలైన కళ్ళద్దాలు ఇచ్చాడు. వాటిని ధరించి నీటిలో ముఖం ముంచగానే, అంతవరకు అస్పష్టంగా ఉన్న సముద్రపు అడుగు, అక్కడి నాచు, చేపలు స్పష్టంగా కనిపించాయి. తన జీవితానికి ఇదే మలుపు అని కూస్తో తరువాత పేర్కొన్నాడు. ఫ్రెదెరిక్ ద్యూమా అనే నేర్పరియైన ఈతగాడు వీరితో జతకూడాడు.

1937లో కూస్తోకు సిమోన్ మెల్షియోర్‌తో వివాహం జరిగింది. వీరికి జాన్ మిషెల్ (1938), ఫిలిప్ (1940) అనే ఇద్దరు కుమారులు కలిగారు.

ఆక్వాలంగ్ ఆవిర్భావం

అప్పటికి నీటిలో శ్వాసించడానికి పరికరాలు లేకపోలేదు. బరువైన లోహపు శిరస్త్రాణం ధరించి, పైనున్న పడవ నుండి గొట్టం ద్వారా గాలి పొందే పద్ధతి చాలాకాలంగా వాడుకలో ఉంది. ఫ్రాన్సులోనే ఈవ్ ల ప్రియర్ 1926లో సంపీడన గాలి సీసాతో పనిచేసే పరికరాన్ని తయారు చేశాడు. అయితే దాని నుండి గాలి నిరంతరంగా వెలువడేది కాబట్టి త్వరగా అయిపోయేది.

సిమోన్ తండ్రి ఎయిర్ లిక్విడ్ అనే పారిశ్రామిక వాయువుల సంస్థలో ఉన్నతోద్యోగి. ఆయన ద్వారా కూస్తోకు ఆ సంస్థ ఇంజనీరు ఎమీల్ గాన్యాన్‌తో పరిచయమైంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు కొరత వలన కార్లను వాయువుతో నడిపేందుకు గాన్యాన్ ఒక కవాటాన్ని రూపొందించాడు. దానినే మార్చి ఇద్దరూ శ్వాస పరికరాన్ని తయారు చేశారు. 1943 జనవరిలో పారిస్ సమీపాన మార్న్ నదిలో జరిపిన పరీక్షలో, ఈతగాడు నిటారుగా ఉన్నప్పుడు గాలి వృథాగా పోవడం గమనించారు. విడిచిన గాలి బయటకు పోయే ద్వారాన్ని, గాలి లోపలికి తీసుకునే కవాటానికి సమీపంగా, ఒకే మట్టంలో అమర్చి ఈ లోపాన్ని సరిదిద్దారు.

అదే సంవత్సరం జూన్‌లో బాందోల్ సమీప సముద్రంలో కూస్తో ఈ పరికరంతో మునిగాడు. ఉపరితలాన ఈదుతూ సిమోన్ ఆయనను గమనించింది. సుమారు 18 మీటర్ల లోతులో ఒక గుహ కప్పుకు అంటిపెట్టుకొని ఉన్న సముద్రపు పెద్దరొయ్యలను (లాబ్‌స్టర్లు) ఆయన పట్టి తెచ్చాడు. ఆహారం కరువైన ఆ యుద్ధకాలంలో అది వారికి విందు భోజనమైంది.

పరికరం పనిచేసే విధానం

నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు పీడనం సుమారు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. అనగా 30 మీటర్ల లోతులో మనిషి శరీరంపై ఉపరితలం కంటే నాలుగు రెట్లు పీడనం ఉంటుంది. ఊపిరితిత్తులలోకి చేరే గాలి పీడనం కూడా అంతే ఉండాలి. లేనిచో శ్వాస తీసుకోవడం అసాధ్యం. ఆక్వాలంగ్‌లోని రెగ్యులేటరు రెండు పనులు చేస్తుంది. ఒకటి, ఈతగాడు పీల్చినప్పుడు మాత్రమే గాలిని విడుదల చేస్తుంది. రెండు, ఆ గాలిని చుట్టూ ఉన్న నీటి పీడనానికి సమానంగా అందిస్తుంది. పైనుండి గొట్టం అవసరం లేనందున మనిషి చేపవలె ఏ దిశలోనైనా స్వేచ్ఛగా కదలగలడు.

అయితే లోతు పెరిగినకొద్దీ గాలిలోని నత్రజని మత్తు కలిగిస్తుంది. వేగంగా పైకి వస్తే రక్తంలో, కణజాలంలో కరిగిన నత్రజని బుడగలుగా మారి ప్రాణాపాయం ఏర్పడుతుంది. 1947లో సుమారు 120 మీటర్ల లోతుకు చేరిన మోరిస్ ఫార్గ్ అనే సహచరుడు స్పృహ కోల్పోయి మరణించాడు. అంతకు ముందు 1946లో వోక్లూజ్ అనే నీటి ఊట గుహలో, సీసాలలోని గాలి కలుషితం కావడం వలన కూస్తో, ద్యూమా మృత్యుముఖం నుండి బయటపడ్డారు.

కాలిప్సో నౌక

యుద్ధానంతరం 1945లో తూలోన్‌లో కూస్తో, తాయే, ద్యూమా కలసి నౌకాదళం క్రింద సముద్రగర్భ పరిశోధన బృందాన్ని నెలకొల్పారు. 1948లో ట్యునీషియా తీరంలోని మహ్దియా వద్ద మునిగిన ప్రాచీన రోమన్ కాలపు నౌకను పరిశీలించారు.

1950లో బ్రిటిష్ ధనికుడు లోయెల్ గిన్నిస్, యుద్ధకాలంలో మందుపాతరలను తొలగించడానికి నిర్మించిన ఒక నౌకను కొని, సంవత్సరానికి ఒక్క ఫ్రాంకు నామమాత్రపు అద్దెకు కూస్తోకు ఇచ్చాడు. అదే కాలిప్సో. సిమోన్ తన జీవితంలో అత్యధిక కాలం ఈ నౌకపైనే గడిపి, నావికులందరి మంచిచెడ్డలు చూసుకునేది. 1952 నుండి మార్సెయ్ సమీపాన గ్రాన్ కొంగ్లుయే దీవి వద్ద జరిపిన తవ్వకాలలో వేలాది ప్రాచీన మట్టి జాడీలు లభించాయి. అక్కడ ఉన్నది ఒక్క నౌక కాదని, ఒకదానిపై ఒకటిగా మునిగిన రెండు నౌకలని తరువాతి పరిశోధకులు తేల్చారు.

నిశ్శబ్ద ప్రపంచం

కూస్తో, ద్యూమా కలసి వ్రాసిన 'నిశ్శబ్ద ప్రపంచం' అనే గ్రంథం 1953లో వెలువడింది. అదే పేరుతో లూయీ మాల్‌తో కలసి తీసిన చిత్రం 1956లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతిని, ఆ తరువాత ఆస్కార్ పురస్కారాన్ని పొందింది. సముద్రపు అడుగును రంగులలో అంత విస్తారంగా చూడడం నాటి ప్రేక్షకులకు క్రొత్త అనుభవం. సీషెల్స్ దేశపు అసంప్షన్ దీవి వద్ద ఈతగాళ్ళతో చనువుగా మెలగిన పెద్ద గ్రూపర్ చేప ఈ చిత్రంలో అందరినీ ఆకట్టుకొంది.

ఈ చిత్రంలోనే నేటి ప్రేక్షకులను కలవరపరచే దృశ్యాలు కూడా ఉన్నాయి. ఒక ప్రాంతంలోని చేపల జాతులను లెక్కించడానికి పగడపు దిబ్బ వద్ద డైనమైటు పేల్చారు. నౌక చోదక చక్రానికి తగిలి గాయపడిన తిమింగలపు పిల్లను తినడానికి వచ్చిన సొరచేపలను నావికులు కోపంతో పైకి లాగి చంపారు. సముద్ర సంపద తరగనిదని భావించిన ఆ కాలంలో ఈ చర్యలకు పెద్దగా అభ్యంతరం రాలేదు. తరువాతి తరాలలో మాత్రం వీటిపై తీవ్ర విమర్శలు వచ్చాయి. కాలిప్సో తొలి యాత్రలకు కావలసిన ధనంలో కొంత, 1954లో అబూదాబీ తీరాన చమురు అన్వేషణ జరపడం ద్వారా సమకూరింది.

కూస్తో అన్వేషించిన ప్రదేశాలు, అక్కడి జీవజాలం

కూస్తో బృందం చిత్రీకరించిన అనేక ప్రదేశాలు నేడు ప్రపంచ ప్రసిద్ధ డైవింగ్ కేంద్రాలుగా ఉన్నాయి.

థిసిల్‌గార్మ్: ఇది ఎర్ర సముద్రపు ఉత్తర భాగంలో, ఈజిప్టు తీరాన ఉన్న బ్రిటిష్ సరుకుల నౌక. 1941 అక్టోబరు 6న జర్మన్ విమానాల దాడిలో 9 మంది ప్రాణాలు కోల్పోగా, నౌక సుమారు 30 మీటర్ల లోతున మునిగిపోయింది. 1955లో కూస్తో బృందం దీనిని కనుగొంది. నౌకలో నాటి మోటారు సైకిళ్ళు, లారీలు, సైనికుల బూట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. లోహంపై పగడాలు పెరిగి, గబ్బిల చేపలు, సింహ చేపలు, బరకుడాలు ఆశ్రయం పొందడంతో ఇది కృత్రిమ దిబ్బగా మారింది. 1990ల తరువాత సందర్శకుల పడవలు తాళ్ళను నౌక భాగాలకే కట్టడం వలన శిథిలాలకు నష్టం వాటిల్లింది.

షాబ్ రూమీ: సూడాన్ తీరంలోని పగడపు దిబ్బ. 1963లో ఇక్కడ సుమారు 10 మీటర్ల లోతున నక్షత్రచేప ఆకారంలో ఇల్లు నిర్మించి, అయిదుగురు ఒక నెలపాటు నివసించారు. మరింత లోతున ఉంచిన చిన్న గదిలో ఇద్దరు వారం రోజులు గడిపారు. ఈ ప్రయోగంపై తీసిన 'సూర్యుడు లేని లోకం' అనే చిత్రానికి కూడా ఆస్కార్ లభించింది. నీటిలో తిరిగే చిన్న వాహనాన్ని నిలిపిన గోపురం, సొరచేపల నుండి రక్షణకు వాడిన బోనులు పగడాలతో, స్పంజికలతో కప్పబడి నేటికీ ఉన్నాయి. బూడిద రంగు దిబ్బ సొరచేపలు, సుత్తి వంటి తల గల హామర్‌హెడ్ సొరచేపలు ఇక్కడి ప్రత్యేకత.

గ్రేట్ బ్లూ హోల్: మధ్య అమెరికాలోని బెలీజ్ దేశ తీరాన, పగడపు దిబ్బల నడుమ ఉన్న గుండ్రని అగాధం. వ్యాసం సుమారు 300 మీటర్లు, లోతు సుమారు 124 మీటర్లు. 1971లో కాలిప్సో ఇక్కడకు చేరింది. సుమారు 40 మీటర్ల లోతున సున్నపురాతి ఊడలు వ్రేలాడుతూ కనిపిస్తాయి. ఇటువంటి ఊడలు గాలి ఉన్న గుహలలోనే ఏర్పడతాయి. కావున మంచుయుగంలో సముద్రమట్టం తక్కువగా ఉన్నప్పుడు ఇది నేలపై ఉన్న గుహ అని, తరువాత కప్పు కూలి నీట మునిగిందని తెలుస్తుంది. అడుగు భాగంలో ప్రాణవాయువు లేనందున జీవజాలం దాదాపు కనిపించదు. అంచుల వద్ద మాత్రం పగడాలు, చేపలు, సొరచేపలు ఉంటాయి. దీనితో కూడిన బెలీజ్ పగడపు దిబ్బల సముదాయాన్ని 1996లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

సిపదాన్: మలేషియాకు చెందిన చిన్న దీవి. ఒడ్డు నుండి కొద్ది దూరంలోనే సముద్రపు అడుగు వందల మీటర్ల లోతుకు నిటారుగా దిగిపోతుంది. పచ్చ తాబేళ్ళు, గుంపులుగా తిరిగే బరకుడాలు ఇక్కడ సమృద్ధి. 1980ల చివర కూస్తో తీసిన చిత్రంతో దీనికి ప్రపంచవ్యాప్త ఖ్యాతి లభించింది. సందర్శకుల తాకిడి పెరగడంతో 2004లో దీవిపై ఉన్న విడుదులను తొలగించి, రోజువారీ సందర్శకుల సంఖ్యపై ప్రభుత్వం పరిమితి విధించింది.

భారతదేశానికి చెందిన అండమాన్ దీవులపై కూడా కూస్తో బృందం ఒక చిత్రాన్ని నిర్మించింది.

సముద్ర పరిరక్షణ కృషి

1957లో కూస్తో మొనాకో సముద్ర విజ్ఞాన ప్రదర్శనశాలకు సంచాలకుడై, 1988 వరకు ఆ పదవిలో కొనసాగాడు. 1960లో రేడియోధార్మిక వ్యర్థాలను మధ్యధరా సముద్రంలో పారవేయాలన్న ఫ్రెంచి అణుశక్తి సంస్థ ప్రతిపాదనను బహిరంగంగా వ్యతిరేకించాడు. ఆ ప్రయత్నం ఆగిపోయింది.

తాను యౌవనంలో చూసిన చోట్లనే మళ్ళీ మునిగినప్పుడు చేపలు తగ్గిపోవడం, దిబ్బలు బోసిపోవడం ఆయన గమనించాడు. మనిషి సముద్రగర్భంలో నివాసాలు ఏర్పరచుకోవాలన్న పూర్వపు ఆలోచనను విడిచి, ఉన్నదానిని కాపాడుకోవాలని ప్రచారం చేయసాగాడు. 1960ల చివరి నుండి ప్రసారమైన ఆయన టెలివిజన్ చిత్రాలు ఈ భావనను దేశదేశాలకు చేర్చాయి. 1973లో కూస్తో సొసైటీని స్థాపించాడు. అంటార్కిటికాలో ఖనిజాల తవ్వకాన్ని అడ్డుకోవడానికి ప్రజల సంతకాలు సేకరించాడు. 1991లో మాడ్రిడ్‌లో కుదిరిన ఒప్పందం అక్కడ ఖనిజాల తవ్వకాన్ని నిషేధించింది.

చివరి రోజులు

1979లో చిన్న కుమారుడు ఫిలిప్, పోర్చుగల్‌లోని లిస్బన్ సమీపాన జరిగిన సముద్ర విమాన ప్రమాదంలో మరణించాడు. తన కృషికి వారసుడని భావించిన కుమారుని మరణం కూస్తోను క్రుంగదీసింది. 1990లో సిమోన్ మరణించింది. మరుసటి సంవత్సరం ఆయన ఫ్రాన్సీన్ త్రిప్లేను వివాహమాడాడు. 1996 జనవరిలో సింగపూర్ రేవులో ఒక బార్జి ఢీకొని కాలిప్సో మునిగిపోయింది. దానిని పైకి తీసినా ఆయన జీవితకాలంలో మళ్ళీ యాత్రకు బయలుదేరలేదు. 1997 జూన్ 25న పారిస్‌లో కూస్తో తన 87వ ఏట మరణించాడు. జన్మించిన పట్టణంలోనే ఆయనను ఖననం చేశారు.

పురస్కారాలు, గౌరవాలు

1956 - కాన్ చిత్రోత్సవ అత్యున్నత బహుమతి
1977 - ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ పర్యావరణ బహుమతి (పీటర్ స్కాట్‌తో కలసి)
1985 - అమెరికా అధ్యక్షుని స్వేచ్ఛా పతకం
1988 - ఫ్రెంచి అకాడమీ సభ్యత్వానికి ఎన్నిక